ఐ.పి. పెట్టినవాని అప్పునకు అయినవారిని అడుగవచ్చునా?

మంగళగిరి, దుగ్గిరాల, తెనాలి ప్రాంతములలో “ఫలానావారు ఐ.పి. పెట్టినారట” అను మాట విననివారుండరు. ఐ.పి. అనగా ఇన్‌సాల్వెన్సీ పిటిషను. తెలుగున దివాలా దరఖాస్తు అందుము. పెట్టినవాడు చీటీలు నడపినవాడు కావచ్చును, మగ్గముల మీద పెట్టుబడి పెట్టిన నేత వ్యాపారి కావచ్చును, వరుసగా రెండేండ్లు పంట పోగొట్టుకొన్న కౌలురైతు కావచ్చును. ఎవరైనను తరువాత జరుగు కథ ఒక్కటే. అతడు ఇల్లు కదలడు, లేదా ఊరే విడిచిపోవును. మరునాటినుండి అప్పులవారు అతని తమ్ముని వాకిటను, అత్తవారి అరుగుమీదను, చెల్లెలి భర్త పొలము గట్టునను ప్రత్యక్షమగుదురు. “మీవాడు ముంచినాడు, మీరే తీర్చవలెను” అందురు.

ఎరువులు, పురుగుమందులు చెప్పవలసిన పత్రికలో ఈ గొడవ యేల అని కొందరు అడుగవచ్చును. పొలములకు వెళ్లినప్పుడు రైతులు తెగుళ్లను గూర్చి అడిగినంతగా దీనిని గూర్చియు అడుగుచున్నారు. అంతకంటె ముఖ్యమైన కారణము మరొకటి గలదు. పసుపు వేయువానికి విత్తనపు కొమ్ముల ఖర్చే పెద్ద ఖర్చు. ఆ సొమ్మును అన్నగారి అప్పుల వానికి సమర్పించి, తిరిగి విత్తనమునకై అధిక వడ్డీకి అప్పు తెచ్చు తమ్ముడు, అన్న పడిన గోతిలోనే తానును పడుచున్నాడు. ఒకరి దివాలా ఈ విధముగా మూడు కుటుంబములకు పాకును. దీనిని ఆపుటకు కావలసినది ధనము కాదు, కొంత తెలివిడి మాత్రమే.

ముందుగా మూలసూత్రము. అప్పు అనునది ఇచ్చినవానికిని, పుచ్చుకొన్నవానికిని మధ్య ఒప్పందము. ఆ ఒప్పందములో లేనివాడు బాకీదారుడు కాడు. రక్తసంబంధము వలన గాని, ఒక ఇంటిపేరు వలన గాని, ఒకే కప్పు క్రింద కాపురము వలన గాని బాకీ అంటుకొనదు. భర్త చేసిన అప్పునకు భార్య, భార్య భర్త అన్న ఒక్క కారణముచేత బాధ్యురాలు కాదు. అన్న అప్పునకు తమ్ముడు కాడు. అల్లుని అప్పునకు మామగారు కానేకాడు. ఇది పెద్దమనుషుల అభిప్రాయము కాదు, కోర్టులు నడచు పద్ధతి.

ఈ సంగతి అప్పులవానికి తెలియదని తలపవద్దు. చాలమందికి బాగుగా తెలియును. తెలిసియే వచ్చుచున్నారు. వారు మీ వాకిట కోరునది మొదట డబ్బు కాదు, సంతకము. “ఇప్పుడేమియు ఇవ్వనక్కరలేదు, మా యజమానికి చూపుటకు ఒక కాగితము వ్రాసి యిండు” అని మెత్తగా చెప్పుదురు. లేదా “వెయ్యి రూపాయలిచ్చి చెల్లు వేయుడు, రెండు నెలలు మీ జోలికి రాము” అందురు. ఆ ఒక్క సంతకముతో అప్పటివరకు మీది కాని అప్పు మీది యగును. ప్రోనోటు మీద సంతకమున్నప్పుడు ప్రతిఫలము ముట్టినదనియే కోర్టు ముందుగా భావించును. ముట్టలేదని నిరూపించు భారము సంతకము చేసినవారి నెత్తిన పడును. వాకిట పదిమంది చూచుచున్నారని సిగ్గుపడి చేసిన సంతకము, కోర్టులో సంవత్సరముల కొలది వ్యాజ్యమునకు కారణమగుచున్నది.

కాబట్టి అప్పులవాడు వచ్చినప్పుడు అడుగవలసిన మొదటి మాట ఇది: “కాగితము మీద నా సంతకమున్నదా? ఉన్నచో నకలు చూపుడు.” నకలు తెచ్చినచో సంతకము ఎక్కడ ఉన్నదో చూడవలెను. ఇక్కడ మన రైతులు తరచుగా భయపడుచున్న విషయమొకటి గలదు. ప్రోనోటులో ‘సాక్షులు’ అను మాట క్రింద సంతకము చేసినవాడు బాకీదారుడు కాడు. తన యెదుట వ్రాతకోతలు జరిగినవని మాత్రమే అతడు చెప్పవలసియుండును. దస్తూరి వ్రాసినవాడును అంతే. బ్యాంకు కాగితములలో ‘నామినీ’ అని వ్రాయబడినవారికి గాని, ఎవరినైన విచారించుటకని ఫోను నెంబరు ఇయ్యబడినవారికి గాని అప్పుతో సంబంధము లేదు. కాని ‘హామీదారు’, ‘పూచీదారు’, ‘సహ ఋణగ్రహీత’ అను చోట్ల మీ సంతకమున్నచో సంగతి వేరు. ప్రోనోటు అడుగున స్టాంపు దగ్గర అప్పు తీసికొన్నవానితోపాటు మీరును సంతకము చేసియున్నచో మీరును బాకీదారులే.

పూచీ సంతకమును మనవారు మర్యాద క్రింద చేయుచున్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము, ఒప్పందములో వేరు మాట లేనంతవరకు, పూచీదారుని బాధ్యత అసలు బాకీదారుని బాధ్యతతో సమానము. ముందు అతనిని అడిగి, దొరకనిచో మిమ్ము అడుగవలెనను నియమము లేదు. తిన్నగా మీ వద్దకే రావచ్చును. అతడు ఐ.పి. పెట్టి కోర్టుచే విడుదల పొందినను మీ పూచీ రద్దు కాదు. ఈ విషయమును 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే 44వ సెక్షనులో స్పష్టముగా చెప్పుచున్నది. పూచీదారునికి ఒక్క ఊరట గలదు. తాను చెల్లించిన సొమ్మును అసలు బాకీదారుని నుండి రాబట్టుకొను హక్కు అతనికి వచ్చును. అప్పులవాని వద్ద తాకట్టు ఏదైన నున్నచో ఆ తాకట్టు మీది హక్కులును ఇతనికి సంక్రమించును. కనుక పూచీదారుడు చెల్లించునప్పుడు రసీదు పుచ్చుకొనక వచ్చుట తగదు.

పూచీ కంటె ప్రమాదకరమైనది ఖాళీ చెక్కు. బంధువు అప్పునకు ధైర్యముగా నుండుటకని సంతకము చేసిన ఖాళీ చెక్కులను ఇచ్చుట విజయవాడ, గుంటూరు ప్రాంతములలో అలవాటైపోయినది. ఖాళీలను తరువాత వేరొకరు నింపినారన్న ఒక్క కారణముతో ఆ చెక్కు చెల్లకపోదని 2019లో సుప్రీంకోర్టు చెప్పియున్నది. చెక్కు మరలి వచ్చినచో అది సివిలు దావాతో పోదు, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము 138వ సెక్షను క్రింద నేర విచారణ జరుగును. ఇట్టి చెక్కు ఇచ్చియున్నవారు బంధువు ఐ.పి. పెట్టినాడని తెలిసిన వెంటనే ప్లీడరును చూడవలెను, ఆలసింపరాదు.

స్వయంసహాయక సంఘముల మహిళలు, సూక్ష్మఋణ సంస్థల గ్రూపులలో చేరిన మహిళలు ఒక విషయమును గుర్తింపవలెను. సంఘము పేర బ్యాంకు ఇచ్చిన అప్పు సంఘమంతటి అప్పు. గ్రూపులో ఒకరికొకరు హామీ యని సంతకము చేసినచో తోటికోడలి వాయిదా మీ వద్ద అడుగుటకు వారికి ఒప్పందరీత్యా ఆధారముండును. ఇది చేదు మాట. అయినను దాచుట వలన ప్రయోజనము లేదు. అడుగు హక్కు ఉన్నంత మాత్రమున అవమానించు హక్కు ఉన్నదని మాత్రము అనుకొనరాదు. ఆ సంగతి ముందు చెప్పుదుము.

ఇక ఐ.పి. అనగా యేమో కొంత తెలిసికొందము. వ్యక్తుల దివాలా విషయమున మన ప్రాంతములో ఇప్పటికిని 1920 నాటి చట్టమే అమలులో నున్నది. 2016లో వచ్చిన దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగము, కంపెనీల అప్పులకు స్వయముగా హామీ ఇచ్చినవారికి తప్ప, ఇతరులకు అమలులోనికి రాలేదు. అప్పు తీర్చజాలనివాడు జిల్లా కోర్టునందు గాని, ఆ అధికారము ఇయ్యబడిన సబు కోర్టునందు గాని, తన అప్పుల పట్టిక, ఆస్తుల పట్టిక జతపరచి దరఖాస్తు పెట్టుకొనును. అప్పులు 500 రూపాయలైనను చాలునని చట్టములో ఉన్నది. ఆ అంకె ఆనాటిది, మార్చలేదు. ఐ.పి. ‘పెట్టుట’ వేరు, కోర్టు అతనిని ‘దివాలాదారుడని ప్రకటించుట’ వేరు. ప్లీడరు నోటీసు వచ్చినంత మాత్రమున అప్పు పోయినదని అప్పులవాడును అనుకొనరాదు, పెట్టినవాడును అనుకొనరాదు. ప్రకటన జరిగిన తరువాత అతని ఆస్తి కోర్టు అధీనమునకు గాని, రిసీవరు అధీనమునకు గాని వచ్చును. అప్పులవారందరు అక్కడ తమ బాకీలను ఋజువు పరచుకొని, ఉన్నదానిలో భాగము పొందవలెను. కోర్టు అనుమతి లేక అతనిమీద విడిగా దావాలు వేయరాదు. ఆస్తి తాకట్టు పెట్టించుకొన్నవారికి మాత్రము తాకట్టు మీది హక్కు చెక్కుచెదరదు.

అనగా చట్టము అప్పులవానికి ఒక త్రోవ చూపినది. ఆ త్రోవ రిసీవరు కచ్చేరికి పోవును గాని, చెల్లెలి ఇంటికి పోదు.

అయితే బంధువుల వైపు తప్పు ఎన్నడును ఉండదని చెప్పజాలము. ఐ.పి. పెట్టుటకు ముందు ఎకరము భార్య పేర, అర ఎకరము బావమరిది పేర వ్రాసి, చేతులు కడుగుకొని కోర్టుకు పోవువారిని ఈ ప్రాంతమువారు చూడక పోలేదు. అట్టి వ్రాతలు నిలువవు. ఆస్తి బదిలీ జరిగిన రెండు సంవత్సరముల లోపల ఐ.పి. దాఖలై దివాలా ప్రకటన జరిగినచో, సద్బుద్ధితో తగిన విలువ చెల్లించి కొన్నవారికి తప్ప ఇతరులకు చేసిన బదిలీని రిసీవరు కొట్టివేయించవచ్చును. వివాహమునకు ముందు వివాహ నిమిత్తమై ఇచ్చినది వేరు. ఇది 53వ సెక్షను. మూడు నెలల లోపల ఒక్క అప్పులవానికి మాత్రము పక్షపాతముతో తీర్చివేసినను, ఆ చెల్లింపు 54వ సెక్షను క్రింద చెల్లకపోవచ్చును. అప్పులలో మునిగిన అన్న “నీ పేర ఉంచుము, తరువాత చూతము” అని పొలము వ్రాసియిచ్చునప్పుడు తమ్ముడు సంతోషింపరాదు. ఆ దస్తావేజుతో అతడు కోర్టు మెట్లు ఎక్కవలసివచ్చును. అప్పులవారు అతనిని అనుమానించుట కూడ అప్పుడు అన్యాయము కాదు.

“తండ్రి అప్పు కొడుకు తీర్చవలె” నను మాట మనలో చాల పాతది. ఇది కేవలము సామెత కాదు. హిందూ ధర్మశాస్త్రము ననుసరించి, దుర్వ్యసనములకై చేసినవి కాని తండ్రి అప్పులను, ఉమ్మడి ఆస్తిలో తమకు గల భాగము మేరకు కొడుకులు తీర్చవలెనను నియమమును కోర్టులును చాలకాలము పాటించినవి. దానిని ‘పుణ్య బాధ్యత’ అనిరి. హిందూ వారసత్వ చట్టమునకు 2005లో జరిగిన సవరణ ఈ నియమమును తొలగించినది. 2005 సెప్టెంబరు 9వ తేదీ తరువాత తండ్రి, తాత, ముత్తాత చేసిన అప్పులకు, ఆ ధర్మము పేరిట కొడుకును గాని, మనుమని గాని, మునిమనుమని గాని కోర్టు పట్టజాలదు. అంతకు ముందటి అప్పుల విషయమున పాత నియమము మిగిలియున్నను, వానిలో పెక్కింటికి కాలదోషము పట్టియుండును. ఈ సవరణ కుమార్తెలకు ఆస్తిలో సమాన హక్కు ఇచ్చినదని అందరును ఎరుగుదురు. అదే సవరణ కొడుకుల మెడనుండి ఈ బరువు దించినదని ఎరిగినవారు తక్కువ.

తండ్రి జీవించియుండి ఐ.పి. పెట్టినచో కొడుకు సంగతి అది. తండ్రి అప్పులతో మరణించినచో మాత్రము వారసుల సంగతి వేరు. సివిల్ ప్రొసీజర్ కోడు ప్రకారము చనిపోయినవాని ఆస్తి ఎంతవరకు వారసుల చేతికి వచ్చినదో అంతవరకే వారు ఉత్తరవాదులు. తండ్రికి 6 లక్షల అప్పున్నదనుకొందము. ఆయన విడిచిపోయినది 2 లక్షలు విలువ చేయు స్థలము. అప్పులవాడు దావా గెలిచినను ఆ 2 లక్షల ఆస్తిమీదనే పడవలెను. కొడుకు తన కష్టార్జితముతో కొన్న పొలముగాని, కోడలి పుట్టింటివారిచ్చిన నగగాని ఆ డిక్రీ క్రింద జప్తు కారాదు. కుమార్తెలకు భాగము వచ్చియున్నచో ఆ భాగము మేరకు వారికిని ఇదే నియమము. ఇందులో ఒక మెలిక గలదు. తండ్రి ఆస్తి మీ చేతికి వచ్చి, దానిని యేమి చేసినారో మీరు లెక్క చెప్పలేకపోయినచో, ఆ విలువ మేరకు మీ సొంత ఆస్తి మీదికి డిక్రీ రావచ్చును. కాబట్టి తండ్రి పోయిన తరువాత ఏమి వచ్చినది, ఏది అమ్మితిమి, ఏ అప్పు తీర్చితిమి అను లెక్కను ఒక పుస్తకములో వ్రాసియుంచుట అవసరము. కర్మకాండ నాటి దుఃఖములో ఎవరికిని ఇది తోచదు. ఆ కుటుంబమునకు దగ్గరివారు గుర్తుచేయుట మేలు.

అదే సమయమున మరొక విషయము విచారింపవలెను. మరణించినవాని బ్యాంకు ఖాతానుండి ఏటేట ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాకు 436 రూపాయలు తగ్గుచున్నదా? తగ్గుచున్నచో 2 లక్షల బీమా నామినీకి రావలసియుండును. ప్రమాద మరణమైనచో 20 రూపాయల సురక్షా బీమా కూడ చూడవలెను. సూక్ష్మఋణ సంస్థల అప్పులకు అప్పుతోపాటే బీమా కట్టించుకొనుట మామూలు. అది ఉన్నదేమో అడుగక వాయిదాలు చెల్లించు వితంతువులు గలరు. అప్పు మీద బీమా యున్నచో బాకీని బీమా కంపెనీ నుండి రాబట్టుకొనవలెను గాని, ఆమె గేదెను అమ్మించుట యెందుకు?

కాలదోషము సంగతి రెండు మాటలలో. ప్రోనోటు మీద దావాకు గడువు 3 సంవత్సరములు. గడువు లోపల బాకీదారుడు కొంత చెల్లించి తన చేతివ్రాతతోగాని, సంతకముతోగాని చెల్లు వేసినచో, ఆ నాటినుండి తిరిగి 3 సంవత్సరములు లెక్క. గడువు దాటిన అప్పునకు సయితము “తీర్చుదును” అని వ్రాసి సంతకము చేసినచో అది కొత్త ఒప్పందమై నిలుచును. పదేండ్లనాటి ప్రోనోటు పట్టుకొని వచ్చి వారసులను వెయ్యి రూపాయల చెల్లు అడుగువాని ఉద్దేశము ఆ వెయ్యి రూపాయలు కాదని ఇప్పుడు మీకు తెలిసియుండును.

ఇక వసూలుదారుల నడవడి. కృష్ణా డెల్టా ఈ విషయమున దేశమునకంతటికి పాఠము చెప్పిన ప్రాంతము. 2006 మార్చిలో కృష్ణా జిల్లాలో బలవంతపు వసూళ్లపై, అధిక వడ్డీలపై ఫిర్యాదులు రాగా, అధికారులు రెండు పెద్ద సూక్ష్మఋణ సంస్థలకు చెందిన సుమారు 50 శాఖలను మూయించినారు. 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, పిదప దానిని చట్టము చేసినది. అప్పు తీసికొన్నవారినేగాక వారి కుటుంబసభ్యులను బెదిరించుట, వెంటబడి తిరుగుట అందులో నేరములుగా చెప్పబడినవి. 2015 డిసెంబరులో విజయవాడలో ‘కాల్ మనీ’ వ్యవహారము బయటపడినప్పుడు, అప్పు పేరిట స్త్రీలు పడిన బాధలను రాష్ట్రమంతయు విన్నది. 2010 నాటి చట్టము రిజర్వు బ్యాంకులో నమోదైన ఆర్థిక సంస్థలకు వర్తింపదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పినది. దీనితో కాపుదల పోయినదని కొందరు నిరుత్సాహపడినారు. కాని అప్పటికే రిజర్వు బ్యాంకు తన నిబంధనలను కఠినము చేసియున్నది.

2022 మార్చిలో సూక్ష్మఋణములకై ఇచ్చిన ఆదేశములలో వసూలు పద్ధతి వివరముగా నున్నది. వాయిదా సొమ్ము ఇరువురు నిర్ణయించుకొన్న చోటనే పుచ్చుకొనవలెను. వరుసగా రెండుసార్లు అక్కడకు రానప్పుడే ఇంటికి గాని, పనిచేయు చోటికి గాని పోవచ్చును. ఉదయము 9 గంటలకు ముందు, సాయంత్రము 6 గంటల తరువాత ఫోను చేయరాదు. దుర్భాషలాడరాదు. బాకీదారుల పేర్లు ప్రకటింపరాదు. బంధువులను, స్నేహితులను, తోటి పనివారిని వేధింపరాదని విడిగా చెప్పబడియున్నది. బ్యాంకులు, ఇతర ఆర్థిక సంస్థలు ఇచ్చు తక్కిన అప్పులకు 2022 ఆగస్టు ఆదేశములు గలవు. వానిలో ఫోను వేళ ఉదయము 8 నుండి సాయంత్రము 7 వరకు. బాకీదారుని కుటుంబమువారిని, స్నేహితులను, పరిచయము చెప్పినవారిని నలుగురిలో అవమానించుట గాని, వారి ఏకాంతమునకు భంగము కలిగించుట గాని కూడదు. వసూలుకు ఏజెంటును పంపినను అతని చేష్టలకు పంపిన సంస్థయే జవాబుదారి. సెల్‌ఫోను యాపుల ద్వారా అప్పులిచ్చువారు ఫోనులోని పేర్ల పట్టికను, ఫొటోలను తీసికొనరాదని రిజర్వు బ్యాంకు నియమము. ఊరిలోని పరిచయస్థులందరికి సందేశములు పంపి పరువు తీయు యాపులు ఈ నియమమును త్రొక్కివేయుచున్నవి. వానిలో చాలవాటికి అసలు గుర్తింపే లేదు.

ఊరి వడ్డీ వ్యాపారి రిజర్వు బ్యాంకు అదుపులో లేడు నిజమే. అతనికి సాధారణ శిక్షాస్మృతియే చాలును. 2024 జులై 1 నుండి అమలులో నున్న భారతీయ న్యాయసంహితలో బెదిరింపునకు 351వ సెక్షను, భయపెట్టి సొమ్ము గాని సంతకము గాని రాబట్టుటకు 308, ఇంటిలోనికి దౌర్జన్యముగా చొరబడుటకు 329, దారి కాచి ఆపుటకు 126, స్త్రీని మాటలతో చేష్టలతో అవమానించుటకు 79 గలవు. అప్పు నిజమైనంత మాత్రమున ఈ పనులు నేరము కాకపోవు. భయపెట్టి వ్రాయించుకొన్న ఒప్పందమును కాంట్రాక్టు చట్టము ప్రకారము రద్దు చేయించుకొనవచ్చును. అయితే అట్టి సంతకము జరిగినచో ఆ రోజుననే పోలీసు స్టేషనులో వ్రాతమూలకముగా ఫిర్యాదు ఇయ్యవలెను. ఆరు నెలల తరువాత కోర్టులో మొదటిసారిగా “భయపెట్టినారు” అన్నచో నమ్మించుట కష్టము.

“జైలుకు పంపింతుము, ఇల్లు జప్తు చేయింతుము, పుస్తెలు తెంపింతుము” అను బెదిరింపులకు జవాబు చట్టములోనే గలదు. డబ్బు డిక్రీ క్రింద స్త్రీని అరెస్టు చేయరాదు. చెల్లించు శక్తి నిజముగా లేనివానిని, అప్పున్నదను ఒక్క కారణముచే జైలునకు పంపుట తగదని 1980లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వ్యవసాయదారుడు తానుండు ఇల్లు, సేద్యమునకు కావలసిన పనిముట్లు, జీవనమునకు అవసరమని కోర్టు తలచు పశువులు, విత్తనపు ధాన్యము డబ్బు డిక్రీలో జప్తు కారాదని సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను చెప్పుచున్నది. మంగళసూత్రము వంటి, మతాచారము ప్రకారము స్త్రీ విడువరాని ఆభరణములును అంతే. నేతగాని పనిముట్లకును ఇదే రక్షణ గనుక మంగళగిరి మగ్గములవారు దీనిని గుర్తుంచుకొనవలెను. ఇల్లు తాకట్టు పెట్టియున్నచో మాత్రము ఆ తాకట్టు అప్పునకు ఈ మినహాయింపు పనికిరాదు.

వాకిట మనిషి నిలిచియున్నప్పుడు ఈ సెక్షనులన్నియు ఎవరికి గుర్తుండును? ఇంతమాత్రము చేసిన చాలును. లోపలికి పిలువక బయటనే మాటలాడుడు. పేరు, సంస్థ పేరు, గుర్తింపు కార్డు అడిగి వ్రాసికొనుడు. “నా సంతకమున్న కాగితము నకలు పంపుడు, ప్లీడరుకు చూపి జవాబిత్తును” అని చెప్పి ఊరకుండుడు. ఆస్తిపాస్తుల సంగతి చెప్పవద్దు. పట్టాదారు పాసుపుస్తకము, ఆధారు, ఏ.టి.ఎం. కార్డు చేతికియ్యవద్దు. వచ్చిన తేదీ, వేళ, అన్న మాటలు క్యాలెండరు మీదనైనను గుర్తు వేసికొనుడు. ఫోను సందేశములను చెరిపివేయవద్దు. సంస్థ యైనచో ముందు దాని ఫిర్యాదుల అధికారికి వ్రాయవలెను. 30 రోజులలో జవాబు రానిచో, వచ్చినను న్యాయము కానిచో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. 14448 నెంబరుకు ఫోను చేసిన దారి చెప్పుదురు. యాపుల బాధకు 1930. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, తక్కువ ఆదాయము గలవారికి ప్లీడరును ఉచితముగా ఏర్పాటు చేయుటకు న్యాయసేవాధికార సంస్థలు గలవు. 15100కు ఫోను చేసి అడుగవచ్చును.

బెదిరింపు కాగితము వేరు, కోర్టు సమను వేరు. ఈ భేదము తెలియక నష్టపోవువారు చాలమంది. “నా అప్పు కాదు గదా” అని సమను తిరుగగొట్టినచో, లేదా పుచ్చుకొని చూరులో దోపినచో, మీ వాదము వినకయే ఏకపక్ష డిక్రీ వచ్చును. మీది కాని అప్పు అప్పుడు నిజముగా మీ మెడకు చుట్టుకొనును. సమను వచ్చినచో తప్పక హాజరు కావలెను.

ఇంతయు చెప్పినను, అన్న అప్పును తమ్ముడు తీర్చుట తప్పని మేము చెప్పుట లేదు. అభిమానముండి, శక్తియుండి తీర్చినచో అది వారి కుటుంబపు గౌరవము. కాని ఆ పనికి ఒక పద్ధతి గలదు. విత్తనము, ఎరువు, పిల్లల చదువు ఖర్చు ప్రక్కన పెట్టి మిగిలినదానితోనే ప్రయత్నింపవలెను. వడ్డీ తగ్గించి ఒకే మొత్తమునకు బేరమాడవలెను. సొమ్ము బ్యాంకు ద్వారా చెల్లించి, “పూర్తిగా ముట్టినది” అని వ్రాయించి, అసలు ప్రోనోటును చేతికి పుచ్చుకొనవలెను. పాత నోటు చింపుచున్నామని చెప్పి మీ పేర కొత్త నోటు అడిగినచో లేచి రావలసినదే. అన్న ఐ.పి. కోర్టులో నున్నచో రిసీవరునకు తెలియకుండ ఒక్క అప్పులవానితో బేరము కుదుర్చుకొనుట వలన చిక్కులు వచ్చును. ముందు ప్లీడరును అడుగుట మంచిది.

గ్రామోద్యోగులకు కొన్ని మాటలు. పూర్వము కరణము, మునసబు ఎదుట జరిగిన పంచాయితీలు ఇప్పుడు సచివాలయము అరుగు మీదికి వచ్చుచున్నవి. ప్రైవేటు అప్పు వసూలునకు ప్రభుత్వ భవనమును గాని, ప్రభుత్వోద్యోగి సాన్నిధ్యమును గాని వాడుకొననీయరాదు. రెవెన్యూ అధికారి కూర్చున్నచోట వ్రాసిన కాగితమునకు పల్లెలో ఎంత బలము వచ్చునో మీకు తెలియనిది కాదు. బాకీదారుని కుటుంబసభ్యుల వివరములు, భూముల సర్వే నెంబర్లు నోటిమాటగా అడుగువారికి చెప్పరాదు. కోర్టు అమీను వచ్చినచో వారెంటు చూచి తోడ్పడవలెను, అది మీ విధి. గ్రామ మహిళా పోలీసులు ఒంటరి స్త్రీల ఇండ్లకు వసూలుదారులు వేళకాని వేళ వచ్చుచున్నారేమో కనిపెట్టి స్టేషనుకు తెలుపవలెను. రైతు సేవా కేంద్రములలోని వ్యవసాయ సహాయకులు, అప్పులలో చిక్కిన కుటుంబము తదుపరి పంటకు పెట్టుబడి లేక నిలిచిపోయినచో బ్యాంకు వద్దకు తోడు వెళ్లవలెను. 2025 జనవరి 1 నుండి 2 లక్షల వరకు పంట ఋణమునకు తాకట్టు గాని, మరొకరి హామీ గాని అడుగనక్కరలేదని రిజర్వు బ్యాంకు చెప్పియున్నది. కావున దానికై మరియొక బంధువును పూచీకి వెదకవలసిన పని లేదు.